తిట్ల దినం

పోయిన నెల కర్నూలులో ఒక సంతాప సభకు వెళ్ళాను. మా కొట్టాలలో మిగిలిన ఆఖరి మిలిటరీ మనిషి పోయాడు. ఆయన్ని నేను హవల్దారు మామ అనేదాన్ని. కొడుకులు కల్యాణమండపం మాట్లాడి, పటానికి బారెడు గులాబీ దండ వేసి, మైకు పెట్టించారు. వచ్చినవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఆ మైకు పట్టుకుని ఆయన్ని పొగిడారు. క్రమశిక్షణకు మారుపేరన్నారు. బతుకులో ఒక్క అబద్ధం ఆడి ఎరగడన్నారు. నాకు కూర్చున్నచోట ముళ్ళు గుచ్చుకున్నట్టయింది. హవల్దారు మామ అబద్ధాలు వింటూనే మేం పెరిగాం. యుద్ధంలో లారీ టైరు పగిలిపోతే కొండచిలువను చక్రానికి చుట్టి నడిపానని ఆయన చెబితే, ఓణీ వేసే వయసు దాకా నేను నమ్మాను. అట్లాంటి మనిషిని పట్టుకుని అబద్ధం ఆడలేదంటారా?

పక్కన కూర్చున్న ఆయన కోడలు నా ముఖం చూసి, "ఏమక్కా, కడుపులో నొప్పా?" అని అడిగింది. నొప్పి కాదు, తిట్టు. ఆయన్ని నాలుగు తిట్టాలని నోటిదాకా వస్తోంది. అయితే మైకులో తిట్టడానికి ఈ కాలంవాళ్ళు ఒప్పుకోరు. నోరు మూసుకుని భోజనం చేసి వచ్చేశాను.

కోయిలకుంట్ల నుంచి బనగానపల్లె పోయే దారిలో రోడ్డు దిగి కాస్త నడిస్తే మా కొట్టాలు వచ్చేవి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మిలిటరీ కొట్టాలు అనేవాళ్ళు. యుద్ధంలో లారీలు నడిపి, పింఛనుతో బయటికి వచ్చినవాళ్ళు అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. వాళ్ళలో సీమవాడు సుబేదారు తాత ఒక్కడే. సర్కారు ఆయనకు ఇచ్చిన బీడు పక్కన ఇంకా బోలెడు బీడు పడి ఉందని, "రాండప్పా, అందరం ఒక్కచోటే ఉందాం" అని తన కింద పనిచేసినవాళ్ళను పిలుచుకొచ్చాడు. ఒకరి వెనక ఒకరు వచ్చారు. మా నాయనది హోసూరు పక్క పల్లె. హవల్దారు మామది అరవదేశం. నాయరు మామది కేరళ. అందరికంటే దూరంనుంచి వచ్చింది కొండమామ, మంచుకొండల కింద ఏదో ఊరు ఆయనది. మా అమ్మలాంటి కొందరు ఆడవాళ్ళు మాత్రమే ఈ నేలలో పుట్టినవాళ్ళు.

ఇళ్ళన్నీ నాపరాళ్ళవే. గోడా నాపరాయే, కప్పూ నాపరాయే, కూర్చుని అన్నం తినేదీ నాపరాయి మీదే. ఎండాకాలం సాయంత్రం గోడకు ఆనుకుంటే వీపు రొట్టెలాగా కాలేది. లోపల ఏ ఇంట్లో చూసినా ఒకటే వాసన. పెట్టెల్లో మడిచిపెట్టిన మిలిటరీ కంబళ్ళు, వాటి మధ్య కలరా ఉండలు, చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బొత్తాలు, వాకిట్లో డీజిలు. ఇప్పటికీ నేనెక్కిన ఆటో పెట్రోలు బంకులో ఆగితే నాకు మా నాయనే గుర్తొస్తాడు.

ఏటా బుడ్డలు పెరికి, కాయ ఇల్లు చేరి, కట్టె వాములు వేశాక వచ్చే ఆదివారం మా కొట్టాలలో తిట్ల దినం జరిగేది. బుడ్డలంటే వేరుశనగలు, కట్టె అంటే కాయలు కోశాక మిగిలే వాటి ఎండు తీగ, మా వైపు మాటలు. పోయినవాళ్ళ తద్దినాలు ఎవరింట్లో వాళ్ళు ఎట్లాగూ పెట్టుకునేవాళ్ళు. ఇది పటాలం పెట్టే దినం. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం కొర్రన్నం, పొట్టేలు కూర, ఊరిమిండి పచ్చడి, బచ్చాలనే బొబ్బట్లు. తిన్నాక సుబేదారు తాత ఇంటిముందు వేపచెట్టు కింద బండ మీద, పోయినవాళ్ళు మిలిటరీలో వాడుకున్న తెల్ల ఇనుప మగ్గులు వరసగా పెట్టేవాళ్ళు. డేగిసాలో కాచిన టీ, పెదవులు అతుక్కునేంత చక్కెర వేసి, ఒక్కో మగ్గులో పోసేవాళ్ళు. ఆ తరవాత మగ్గుకు ఎదురుగా కూర్చుని, ఆ మనిషే అక్కడ ఉన్నట్టు తిట్టేవాళ్ళు. ఎవరు బాగా తిడితే వాళ్ళకు ఆ మగ్గులో టీ. ఎవరూ తిట్టలేకపోతే ఆ టీని చెట్టు మొదట్లో పారబోయాలని నియమం. అట్లా పారబోయడం మాత్రం నేను ఎరగను.

ఇదేం ఆచారం తాతా అని ఒకసారి సుబేదారు తాతను అడిగాను. ఆయన మీసం దువ్వుకుంటూ చెప్పాడు.

"మొదట పోయింది నా డేరాలో పండుకునేటోడమ్మా. ఆ పొద్దు ఆపీసరు వచ్చి వాణ్ణి శానా పొగిడినాడు. వీరుడన్నాడు, ధీరుడన్నాడు. నేను నిలబడి వింటాంటే, ఈయప్ప ఎవుర్ని గురించి చెప్తాండాడబ్బా అనిపిచ్చె. మావోడు నా మేజోళ్ళు దొంగిలిచ్చి తొడుక్కునే సన్నాసి గదా! కండ్లల్లో ఒక్క చుక్క రాలే. సాయంత్రం వాని మగ్గు ఎదురుగా పెట్టుకోని, 'ఏమిరా, నా మేజోళ్ళు తొడుక్కోనే పోతివే, నేను చలికి సావాల్నా?' అని తిట్టినా. అప్పుడొచ్చె ఏడుపు. తిట్టినంక వాడు మల్లా మావోడయినాడు."

మా పిల్లలకు మాత్రం అది తిట్లు నేర్చుకునే బడి. కట్టె వామి వెనక నక్కి, కాల్చిన బుడ్డలు నములుతూ, మంచి తిట్టు వచ్చినప్పుడల్లా ఒకరినొకరు గిల్లుకునేవాళ్ళం. కొన్ని అరవంలో వచ్చేవి, కొన్ని మలయాళంలో. అర్థం తెలియకపోయినా బట్టీ పట్టేదాన్ని. అట్లా పట్టిన అరవం తిట్టు ఒకటి లెక్కల అయ్యవారి మీద ప్రయోగించాను. ఆయన అత్తగారిది తిరుత్తణి అని నాకేం తెలుసు? వీపు విమానం మోత మోగింది. ఇంకోసారి మా పుంజు చచ్చిపోతే, హవల్దారు మామ కూతురూ నేనూ కలిసి దానికి తిట్ల దినం పెట్టాం. కొబ్బరి చిప్పలో నీళ్ళు పోసి, "ఏమప్పా పుంజూ, తెల్లారకముందే కూసి మా నిద్రలు చెడగొడ్తివే" అని మొదలుపెట్టామో లేదో, మా అమ్మ వెనక నిలబడి, "దినం తరవాత చేద్దురు గానీ, దాన్ని సంపిందెవురో చెప్పండి ముందు" అంది. అది ఎట్లా చచ్చిందో ఇప్పుడు అనవసరం.

ఎక్కువ తిట్లు పడేది నాయరు మామకు. నేను పుట్టకముందే పోయాడు. అయినా ఆయన నాకు బాగా తెలుసు. హవల్దారు మామ ఆయన మగ్గు ముందు మఠం వేసుకుని, "ఏమప్పా నాయరూ, పటాలానికంతా మామిడిపండ్లు తెస్తానని బనగానపల్లెకు పోయి, బస్సులోనే అన్నీ తినేసి, టెంకలు మూట గట్టుకోనొస్తివే! నాటుకోండప్పా అని చేతిలో పెడ్తివే! సిగ్గుందా నీకు?" అనేవాడు. అందరూ పొట్టలు పట్టుకునేవాళ్ళు. నాయరత్త ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆడవాళ్ళు గోడవారగా నిలబడి వినడమే తప్ప మగ్గుల దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు.

కొండమామతో మాత్రం ఎవరికీ ఎప్పుడూ పేచీ ఉండేది కాదు. పొట్టిగా, బిగువుగా ఉండేవాడు. బోరు నీళ్ళ వంతు దగ్గర అన్నదమ్ములే కొట్టుకునే నేల అది. ఆయన మాత్రం తన వంతు ఎవరడిగితే వాళ్ళకు ఇచ్చి వచ్చేవాడు. పేకాటకు రాడు. ఎవరేమన్నా "కానీలేప్పా" అనేవాడు. ఆయన తెలుగులో సగం ఆ ఒక్క మాటే. మా నాయన పొలంనుంచి వస్తూ గొంతెత్తి పాడుతుంటే, పక్కన ట్రాక్టరు మీద కూర్చుని తల ఊపుతూ వినేవాడు. మా నాయన పాటకు తల ఊపిన మనిషి కొట్టాలలో ఆయన ఒక్కడే.

ఆయన భార్య కొండత్త. వాళ్ళకు పిల్లలు లేరు. పిల్లలు లేనితనం మా మీద తీర్చుకునేది, అదీ ఉన్నితో. మా కొట్టాలలో ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఆమె అల్లిన స్వెట్టరు ఉండేది. నిప్పులు చెరిగే ఎండల్లో ఆమె ముచ్చటకోసం అమ్మ నాకు అది తొడిగి ఆమె ఇంటికి పంపేది. చెమటలు కారుతూ నేను ఆమె వాకిట్లో నిలబడితే, ఆమె నన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, బెల్లంముక్క చేతిలో పెట్టి వదిలేది. ఆ బెల్లంకోసం నేను కంబళి కూడా కప్పుకుని పోయేదాన్ని.

ఒక ఎండాకాలం కొండమామ మామిడికాయల లోడు దించి వచ్చాడు. ట్రాక్టరు దిగి, దాహమని చెప్పి, చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. కొండత్త నీళ్ళు తెచ్చేసరికి ఆయనలో ఊపిరి లేదు.

బుడ్డలు పెరికే నాటికి కొండత్త తమ్ముడు రైళ్ళు మారి మారి వచ్చాడు, అక్కను తీసుకుపోవడానికి. మంచివాడే. మా అందరికీ ఎండబెట్టిన పండ్లు తెచ్చాడు. అయినా నేను అతనితో మాట్లాడలేదు, అతని పండ్లు మాత్రం తిన్నాను. "ఆడ మన ఇండ్లు ఉండాయి, మనోళ్ళు ఉండారు. ఈడ నీకెవురుండారు?" అని అతను అడిగాడని కొండత్త అమ్మతో చెప్పింది. అమ్మ రొట్టె తడుతున్న చెయ్యి ఆపింది.

"నువ్వేమన్నావు వదినా?"

"దినం అయినంక చెప్తానన్నా. ఈళ్ళు ఆయన్ని ఏమంటారో ఇనాల. ఇన్నేండ్లు నవ్వుకుంటా విన్నా గదా అందరి తిట్లూ. ఈసారి ఆయనవి."

ఆమె పోతుందేమోనని నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు. తిట్ల దినంనాడు ఆమె అందరికంటే ముందే స్నానం చేసి, కొండమామ మగ్గు ముగ్గుపిండితో తోమి తెల్లగా మెరిపించి తెచ్చింది. బండ మీద ఆఖరున తనే పెట్టింది. తమ్ముణ్ణి మగవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, తను వచ్చి అమ్మ పక్కన నిలబడింది.

పాత మగ్గుల పని అయింది. నాయరు మామ టెంకలూ అయ్యాయి. కొండమామ మగ్గు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ కదల్లేదు. సుబేదారు తాత మా నాయన వైపు చూశాడు. నాయన హవల్దారు మామ వైపు చూశాడు. చివరికి నాయనే ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఏమప్పా బావా..." అన్నాడు. ఆగాడు. "నువ్వు శానా మంచోడివి బావా."

ఆ ఒక్క మాటతో కట్ట తెగింది. హవల్దారు మామ, "చీమక్కూడా అపకారం చెయ్యని మనిషి" అన్నాడు. ఇంకెవరో దేవుడన్నారు. సుబేదారు తాత లేచి నిలబడి మగ్గుకు చేతులు జోడించాడు. అది చూసి అందరూ జోడించారు. తమ్ముడికి తెలుగు రాదు గానీ, జోడించిన చేతులు అర్థమయ్యాయి. బావకు ఇంత మర్యాద జరుగుతోందని కళ్ళు తుడుచుకున్నాడు. మగ్గులో టీ మీద మీగడ కట్టింది. అమ్మ పక్కన చూస్తే కొండత్త లేదు.

అమ్మ వామి వెనకనుంచి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుంటూ ఆమె ఇంటికి నడిచింది. కొండత్త పెట్టె మూత తెరిచి చీరలు కుక్కుతోంది. మడతకూడా పెట్టడం లేదు.

"పోతాండావా వదినా?" అంది అమ్మ.

"పోకుండా? ఒక్క తిట్టు లేదు! ఇన్నేండ్లు ఈడ బతికిన మనిషికి ఒక్క తిట్టు లేదు! చేతులు జోడిచ్చి పంపిస్తారా, దారిన పోయే సాధువును పంపిచ్చినట్టు? ఆయన ఈళ్ళకు ఎవురూ కాదు. ఆయనే కాకపోతే నేనెవురు? టీ ఎట్లాగూ పారబోస్తారు గదా, అది చూడలేను నేను."

అమ్మ పెట్టె అంచు పట్టుకుని, "తప్పులే చెయ్యలేదు గదా ఆయన, వాళ్ళు మాత్రం యాడ నుంచి తెస్తారు?" అని గొణిగింది.

కొండత్త చేతిలో చీర అట్లాగే ఆగింది. "తప్పులు చెయ్యలేదా?" అంది. ముఖం ఎర్రబడింది. "తప్పులు చెయ్యలేదా ఆయన?"

"చేసింటే నువ్వే చెప్పు. రా!" అని అమ్మ ఆమె రెక్క పట్టుకుంది. నేను ముందే పరిగెత్తి మళ్ళీ వామి వెనక చేరాను. వాళ్ళిద్దరూ వేపచెట్టు కిందికి వచ్చేసరికి సుబేదారు తాత పారబోయడానికి మగ్గు చేతిలోకి తీసుకున్నాడు. అమ్మ ఆయనకు అడ్డం పోయి, "కింద పెట్టు మామా. తిట్టేటోళ్ళు ఉండారు" అంది. తాత అమ్మను చూశాడు, కొండత్తను చూశాడు. ఆడవాళ్ళు అక్కడ మాట్లాడడం ఎన్నడూ లేదు. ఆయన మగ్గు బండమీద పెట్టి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

కొండత్త కూర్చోలేదు. కొంగు నడుముకు దోపింది. మొదట తన కొండ భాషలో మొదలుపెట్టింది. మాకొక్క ముక్క అర్థం కాలేదు గానీ, తమ్ముడు బిత్తరపోయి "దీదీ, దీదీ" అంటూ లేచాడు. నాయన అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు. అప్పుడు ఆమె తెలుగులోకి దిగింది.

"ఏమప్పా! ఈళ్ళంతా నిన్ను దేవుడంటాంటే విని ఊరకుండావే, సిగ్గు లేదా? నీళ్ళ వంతు వస్తే ఊరికంతా పంచిపెట్టి వస్తివి. బిందె మోసింది ఎవురు? నేను. నెయ్యి కాస్తే ఇంటింటికీ ఇచ్చి వస్తివి. ఉత్త రొట్టె తినింది ఎవురు? నేను. బయట మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయని నోరు కట్టుకోని తిరిగి, ఇంట్లోకొచ్చి తలుపేసినంక..."

అక్కడ ఆగి, మగవాళ్ళ వైపు తిరిగింది. "తలుపేసినంక ఏం చేస్తాడో మీకు తెల్సునా? మిమ్మల్ని ఎక్కిరిస్తాడు. దినామూ. ఒగొగరిని."

"నన్నా?" అన్నాడు సుబేదారు తాత.

"నిన్నే మొదట." కొండత్త ఒక చెయ్యి నడుం మీద పెట్టి, పొట్ట ముందుకు తోసి, వేపచెట్టు చుట్టూ సుబేదారు తాత నడక నడిచింది. "సుబేదారు సాబు నడిస్తే, లోడు లారీ ఫస్టు గేరులో గాటు రోడ్డు ఎక్కినట్టు ఉంటాదంట. హవల్దారు నోరు తెరిస్తే బ్రేకు పడదంట, పక్కకు దూకి పానం కాపాడుకోవాలంట. ఈ అన్న పాట పాడితే," అని మా నాయనను చూపించి, "ఎద్దులు కాడి తెంపుకోని బేతంచర్ల దాకా పోతాయంట. అన్నం తింటా తింటా చేస్తాడు ఇదంతా. నాకు మెతుకు గొంతులో అడ్డంపడేది నవ్వలేక."

కొట్టాలు కొట్టాలే నోరు తెరిచాయి. ఆమె మళ్ళీ మగ్గు వైపు తిరిగింది.

"ఇప్పుడు తలుపేసుకుంటే ఇంట్లో సద్దు లేదప్పా. నవ్వడం నేర్పించి, ఎవురూ నవ్వించేటోళ్ళు లేని చోట నన్ను ఇడిసిపెట్టి పోతివి. ఇది తప్పు కాదా? చెప్పు, తప్పు కాదా?"

ముందు తేరుకున్నది సుబేదారు తాత. ముఖం జేగురు రంగుకు తిరిగింది. "నా నడకను ఎక్కిరిచ్చినాడా వాడు! ఇన్నేండ్లు నా ముందర తల దించుకోని 'కానీలేప్పా' అంటాంటే నమ్మితి గదరా దొంగ నా కొడకా!" అని మగ్గు మీదికి వంగాడు. "బ్రేకు పడదా నాకు? ఇనేదానికి నువ్వే గదా ముందర కూసుంటివి!" అని హవల్దారు మామ ఆయన భుజం మీదనుంచి తల దూర్చాడు. మా నాయన అందరినీ తోసుకుని వచ్చి, "తల ఊపుతాంటివి గదా బావా, నా పాటకు తల ఊపుతాంటివి గదా!" అని ఒకటే మాట. తిట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అరవం, కన్నడం, తెలుగు, హిందీ అన్నీ కలిసిపోయాయి. నవ్వుతూ తిట్టినవాళ్ళు ఎప్పుడు ఏడుపులోకి జారారో చూడలేదు. మా నాయన ఏడవగా నేను చూడడం అదే మొదలు. వామి వెనక మేమూ ఏడ్చాం, పిడికెళ్ళలో బుడ్డలు పట్టుకుని.

చివరికి తాత మగ్గు తీసి కొండత్త చేతికిచ్చాడు. "నీదే తల్లీ. ఇంత బాగా ఈ చెట్టుకింద ఎవురూ తిట్టలేదు" అన్నాడు. చల్లారిన టీని మీగడతో సహా ఆమె గటగటా తాగి, పైటతో మూతి తుడుచుకుంది. తమ్ముడి దగ్గరికి పోయి ఏదో చెప్పింది. నాయన హిందీలో అతన్ని అడిగి మాకు చెప్పాడు. ఇంకా సగంకూడా తిట్టలేదు, నేను రాను అందట.

మర్నాడు పొద్దున తమ్ముడు బయలుదేరాడు. కొండత్త అతనికి బచ్చాలు మూట కట్టి, ఒక సంచి బుడ్డలు ఎత్తింది. బస్సుకు ఇంకా పొద్దుంది. అతను ఒక్కడే వేపచెట్టు కిందికి పోయి, ఖాళీ బండ ముందు గొంతుక్కూర్చుని హిందీలో చిన్నగా ఏదో మాట్లాడాడు. పశువులకు నీళ్ళు పెడుతున్న నాయనకు అది వినపడింది. ఇంట్లోకి వచ్చి అమ్మతో చెప్పాడు.

"తిడతాండాడే. 'బతికినన్నాళ్ళూ మా అక్కను ఇంత దూరం పెట్టుకుంటివి సరే, పోయినంక గూడా ఇడవవేమయ్యా' అని తిడతాండాడు."

ఆ కొట్టాలు ఇప్పుడు లేవు. వేపచెట్టును రోడ్డుకోసం కొట్టేశారు. పిల్లలం నంద్యాలకూ కర్నూలుకూ చెల్లాచెదురైపోయాం. మగ్గులు ఎవరింట్లో ఏవి ఉన్నాయో, అసలు ఉన్నాయో లేవో తెలియదు. ఆ మనుషుల మధ్య పెరగడం నా అదృష్టమని నేను వాళ్ళెవరితోనూ అనలేదు. అంటే పరాయిదాన్నని తరిమేవాళ్ళు. కొండత్త చాలా ఏళ్ళు అక్కడే ఉంది. నాయరత్త, తరవాత మా అమ్మ, ఒకరొకరుగా ఆడవాళ్ళందరూ ఆమె వెనకే చెట్టు కిందికి వచ్చి కూర్చున్నారు. ఏటా బుడ్డలు ఇల్లు చేరగానే ఆమె కొంగు దోపుకుని కొండమామ మగ్గు ముందు నిలబడేది. ఒకసారి తిట్టిన తిట్టు ఇంకో ఏడు తిట్టలేదు.